కొంరెల్లి అరుపు

గొంగడి కొంరెల్లికి ఎనిమిది రోజులుగా తల్లితో మాటల్లేవు.

అతని పేరు తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల జిల్లాల్లో తక్కువ. భుజాన నల్ల గొంగడి, కాళ్లకు గజ్జెలు. స్టేజీ ఎక్కి "ఓ... హుర్రియ్యో!" అని ఒక్క అరుపు అరిస్తే చాలు, జనం ఈలలతో చెవులు చిల్లులు పొడిచేవాళ్లు. టీవీవాళ్లు దానికి 'పల్లె పిలుపు' అని పేరు పెట్టారు. పెళ్లి బరాత్‌లలో అదే, ఫోన్ రింగుటోన్లలో అదే. కొంరెల్లి తండ్రి బస్సు కండక్టరనీ, కొంరెల్లి బుద్ధెరిగాక ఒక్క గొర్రెనైనా కాయలేదనీ ఎవరికీ తెలియదు, అతనూ చెప్పలేదు. ఎండాకాలం ఆ గొంగడి కింద చెమటలు కారిపోయేవి గానీ ఫొటోలు బాగా వచ్చేవి.

ఇంతలో ఎవడో కంప్యూటర్ చేత అతని గొంతుతో ఓ కొత్త పాట పాడించి యూట్యూబ్‌లో పెట్టాడు, అరుపుతో సహా. పాట ఊరూవాడా మోగిపోయింది. కొంరెల్లి నవ్వి ఊరుకునేవాడే. కానీ తల్లి ఎల్లవ్వ ఫోను చెవికి ఆనించుకుని చివరిదాకా విని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఈసారి పానం పెట్టి పాడినవ్ కొడుకా" అంది.

అతను పాడిన వంద పాటల్లో ఒక్కదానికీ ఆమె ఆ మాట అనలేదు. అక్కడ కాలింది కొంరెల్లికి. "నా గొంతు నీకే తెల్వకపోతే ఇంకెవలికి తెలుస్తదే?" అని అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆ రోజు నుంచీ పాడదామని నోరు తెరిస్తే గొంతు పెగలడం లేదు.

తొమ్మిదో రోజు పొద్దున్నే కారేసుకుని గురువు దగ్గరికి బయలుదేరాడు. రాజలింగం గొర్రెలకాపరుల దేవుడు బీరప్ప కథ చెప్పే పాతకాలపు ఒగ్గు కథకుడు. చిన్నప్పుడు కొంరెల్లి నాలుగు ఎండాకాలాలు ఆయన దళం వెంట తిరిగి పాట నేర్చుకున్నాడు. ఇప్పుడాయన కథలు మానేసి ముప్పై గొర్రెలు కాసుకుంటున్నాడు. గుట్ట పక్కన రాయి మీద కూర్చుని తంబాకు నలుపుకుంటూ, శిష్యుడు చెప్పిందంతా విన్నాడు.

"నా గొంతేదో మిషిను గొంతేదో నువ్వే తేల్చాలె తాతా. నువ్వు చెప్తే నన్ను గన్న అవ్వ నమ్ముతది."

"నాకు చెవులు మందగించినయి బిడ్డా. గొర్లనడుగు. ముందు ఆ మిషిన్ది మోగియ్యి."

కొంరెల్లి కారులోంచి స్పీకరు తెచ్చి అరుపు వినిపించాడు. చెల్లాచెదరుగా మేస్తున్న గొర్రెలు తలలెత్తాయి. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ గుంపుగా దగ్గరికి చేరాయి. కొంరెల్లి ముఖం మాడిపోయింది.

"ఇగ నువ్వు."

కొంరెల్లి ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాడు. ఆశ్చర్యం, గొంతు పెగిలింది. గుంపు ఇంకా బిగుసుకుంది. ఒక పొట్టేలు ముందుకాలు నేలకేసి కొట్టింది.

"సూసినవా తాతా! నా పిలుపుకే ఎక్కువ దగ్గరికొచ్చినయి!"

"పిలుపా?" రాజలింగం తలెత్తాడు. "ఎవలన్నరు?"

"నువ్వే గద, బీరప్ప కథల..."

"బీరప్ప కథల మంద మీద తోడేలు పడ్డకాడ అరిచేది రా అది. తోడేలును ఎల్లగొట్టెతందుకు. గొర్లు నీ దగ్గరికి రాలే, బెదిరి ఒక్కకాడ జేరినయి."

ఇరవై ఏళ్లుగా జనం తోడేలును తరిమే అరుపుతో పెళ్లికొడుకులను ఊరేగిస్తున్నారన్నమాట.

కొంరెల్లి స్పీకరు పక్కన పెట్టి మెల్లగా అడిగాడు. "నువ్వు నిజంగ తోడేలును జూసి ఎన్నిసార్లు అరిచినవ్ తాతా?"

"మూడుసార్లు. రెండుసార్లు పోయింది. మూడోసారి పోలే. గొర్రెపిల్లను నోట కరుసుకుని నన్నే సూసుకుంట నిలవడ్డది."

"మరి కథలల్ల వెయ్యిసార్లు అరిచి ఉంటవ్ గద?"

"అరిచినప్పుడల్లా దాని కండ్లే యాదికొచ్చేవి. నువ్వరిచినప్పుడు నీకేం యాదికొస్తది?"

గుట్ట అందామనుకున్నాడు, మట్టివాసన అందామనుకున్నాడు. ఇంటర్వ్యూలలో అలాగే చెప్పేవాడు. ఆ ముసలాయన ముందు అబద్ధమాడబుద్ధి కాలేదు.

"నీ నోరు తాతా" అన్నాడు చివరికి. "నువ్వు నోరు తెరిచి అరుస్తుంటే ముందట కూసొని సూసేటోన్ని. అదే యాదికొస్తది."

"మరి ఆ మిషినుకో?"

కొంరెల్లి స్పీకరు వైపు చూశాడు.

"నా నోరు" అన్నాడు.

రాజలింగం చేతులు దులుపుకుని లేచాడు.

"నువ్వు నన్ను సూసి అరిచినవ్, అది నిన్ను సూసి అరిచింది. మరి అవ్వ మీద అలుగుడెందుకు రా?"