దువ్వెన అందని చోట

తెల్లది మేత ముట్టడం లేదు. మూలకు చేరి వణుకుతోంది. వైకుంఠం గుండెల్లో రాయి పడింది.

అది వైకుంఠం శిష్యరికం చేస్తున్న మఠానిది కాదు. నీలవేణి అనే పిల్ల, నాన్న వైద్యానికని పట్నం పోతూ తన రెండు గినీ పిగ్‌లనూ అతనికి అప్పజెప్పింది. ఒకటి తెల్లది, ఇంకోటి ఎర్రది. ఎలుకకు ఎక్కువ, కుందేలుకు తక్కువ.

"మర్చిపోకు అన్నా, నెలకోసారి గోళ్ళు తీయాలి," అని చిన్న కత్తెర కూడా చేతిలో పెట్టింది.

మన వైకుంఠానికేమో పెద్ద వ్రతం. ఏ ప్రాణి ఒంటి నుంచీ నెత్తురు చుక్క రాల్చనని మఠంలో చేరిన రోజే ఒట్టు పెట్టుకున్నాడు. దోమ వాలినా ఉఫ్‌మని ఊది సాగనంపే మనిషి. ఒక్కసారి కత్తెర తెరిచాడు. తెల్లదాని గోటి లోపల ఎర్రగా నరం కనబడింది. పట్టుకోగానే అది కీచుమంది. అంతే, కత్తెర తీసుకెళ్ళి చూరులో దోపేశాడు.

బదులుగా రోజూ దువ్వేవాడు. అబ్బో, ఆ దువ్వడం చూడాలి! చిక్కులు తీసి, నిగనిగలాడించి, పట్టుకుచ్చుల్లా చేసి కూర్చోబెట్టేవాడు. వచ్చినవాళ్ళు "ఎంత దయ బాబూ నీది!" అంటే తల వంచుకుని లోలోపల మురిసిపోయేవాడు. ఎండలు పోయి వానలొచ్చాయి. కత్తెర చూరులోనే ఉంది.

తెల్లదాన్ని ఎత్తుకుని గురువు గౌరీనాథస్వామి దగ్గరికి పరిగెత్తాడు.

"దీనికి ఏం కర్మ పట్టిందో చూడండి స్వామీ!"

ముసలాయన తెల్లదాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. దాన్ని వెల్లకిలా తిప్పి, కాళ్ళను కప్పేసిన బొచ్చు పక్కకు తోశాడు. గోళ్ళు కొడవళ్ళలా వంకర తిరిగి అరికాళ్ళలోకి దిగిపోయాయి. కాళ్ళు వాచి చీము పట్టాయి. పైన పటారం, లోన లొటారం.

పశువుల డాక్టరును పిలిపించారు. ఆయన గోళ్ళు ఊడదీసి, పుండ్లు కడిగి, సూది మందు వేసి పెదవి విరిచాడు. చీము విషం ఒళ్ళంతా పాకిందన్నాడు. పొద్దు వాలేలోపే తెల్లది వైకుంఠం ఒళ్ళో ప్రాణం విడిచింది.

వైకుంఠం బావురుమన్నాడు.

"నేనేం పాపం చేశాను స్వామీ? నా చేత్తో ఒక్క చుక్క నెత్తురు రాల్చలేదే!"

గురువు అతని రెండు చేతులూ పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూశాడు.

"అవును నాయనా. శుభ్రంగానే ఉన్నాయి."

వైకుంఠం చేతులు వెనక్కి లాక్కున్నాడు.

పెరట్లో తెల్లదాన్ని పూడ్చి వచ్చేసరికి గురువు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కత్తెర, గిన్నెలో పసుపు, ఒళ్ళో ఎర్రది. దాన్ని వైకుంఠం చేతుల్లో పెట్టాడు. దాని గోళ్ళూ పెరిగాయి కానీ, ఇంకా అరికాళ్ళలోకి దిగలేదు. పైగా నల్లనివి. నరం ఎక్కడిదాకా ఉందో కనబడనే కనబడదు.

"నరం తెగితే స్వామీ?"

"పసుపు ఇక్కడే ఉంది."

వైకుంఠం కత్తిరించాడు. మూడో గోటికి నెత్తురు చిమ్మింది. ఎర్రది కెవ్వుమని అతని వేలు కొరికింది. అయినా వైకుంఠం దాన్ని వదల్లేదు. ఏడుస్తూనే పసుపు అద్ది, రక్తం ఆగేదాకా అదిమి పట్టుకున్నాడు.

"రేపు నీలవేణి వస్తుంది స్వామీ. ఆ పిల్లకు ఏమని చెప్పను?"

గురువు లేచి కండువా దులుపుకున్నాడు.

"ముందు ఆ రెండో కాలు కానీయ్."