మావారిపాలెం

అనగనగా ఒక ఊరు. ఊరంటే ఊరు కాదులేవే బుజ్జీ, అప్పటికింకా దానికి పేరే లేదు. పుల్లయ్య, ఆయన పెళ్ళాం వెంగమ్మ కలిసి తుమ్మకంప కొట్టి, బావి తవ్వి, మొదటి పాక వేసుకున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే వచ్చి చేరారు. "మనకి నీళ్ళు చూపించినవాడి పేరే పెడదాం, పుల్లయ్యపాలెం" అనుకున్నారందరూ. పుల్లయ్య మురిసి ముక్కలైపోయాడు.

అంతలో పుల్లయ్యకి జ్వరం తగిలింది. మూడు రోజులు కళ్ళు తెరవలేదు. జనమంతా వాగవతల కోతలకి పోయారు. సరిగ్గా అప్పుడే ఒంటెద్దు బండిలో ఊడిపడ్డాడు తాలూకా కచేరీ గుమాస్తా.

"ఊరి పేరేంటమ్మా? ఇవాళ రాసుకోకపోతే పక్కూళ్ళో కలిపేస్తారు" అన్నాడు.

వెంగమ్మకి పెద్ద చిక్కే వచ్చిపడింది. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని ఆ రోజుల్లో నమ్మేవాళ్ళే తల్లీ. అసలే మనిషి మంచంమీదున్నాడు. ఎలా పలుకుతుంది, పిచ్చిది!

అప్పుడేం చేసిందీ, ఒక వేపపుల్ల విరిచి చూపించింది. "పొద్దున్నే తోముకున్నానులేమ్మా" అన్నాడా మహానుభావుడు.

ఆ తర్వాత చింతకాయ తెచ్చి చేతిలో పెట్టింది. కొరికి, కళ్ళు గట్టిగా మూసుకుని, "అబ్బా, ఏం పులుపు! చింతపాలెమా?" అన్నాడు.

"అయ్యో, కాదు బాబూ! మావారి పేరు, మావారి పేరే!" అంది వెంగమ్మ, ఏడుపు గొంతుతో.

"అదేదో ముందే చెప్పొచ్చుగా!" అంటూ 'మావారిపాలెం' అని పైకి చదువుకుంటూ రాసుకుని బండెక్కాడు. వెంగమ్మ "అది కాదు, అది కాదు" అని వెనకాలే పరుగెత్తింది. బండి అందలేదు.

నాలుగోనాటికి జ్వరం దిగింది. జావ తాగిస్తూ జరిగిందంతా చెప్పి వెంగమ్మ భోరుమంది. "ఊరికి నీ పేరు లేకుండా చేశాను మావా!" అంది.

ఇక చూస్కో, మూరెడు మీసాలవాళ్ళు కూడా 'మాది మావారిపాలెం' అనాల్సిందే! ఊళ్ళోవాళ్ళు కచేరీకి పోయి పేరు మార్పిస్తామన్నారు. పుల్లయ్య ఒప్పుకోలేదు.

"పుల్లయ్యా అని దారినపోయేవాడు కూడా పిలుస్తాడే వెంగీ. మావారు అనేది నువ్వొక్కదానివేగా! అదే ఉండనీ" అన్నాడు.

కథ పోయె కంచికి,
మనం పోదాం ఇంటికి,
నిద్దరొచ్చె బుజ్జి కంటికి!