బావిలో ఏముంది?

ఉఖాకి ఒక సందేహం పట్టుకుంది. అది మామూలు సందేహం కాదు, ఏనుగు చెవిలో దూరిన చీమ. వాణ్ణి తిననివ్వదు, పడుకోనివ్వదు. పక్కవాళ్ళని అసలే పడుకోనివ్వదు.

"బువా, పశువులు మేపుకునే మన ఆహీర్ల అసలు దేశం ఏది?" అని గురువుని అడిగాడు.

గోమాజీ బువా కౌపీనం ఉతుక్కుంటున్నాడు. "ముందు ఆ కొస పట్టుకుని పిండు," అన్నాడు.

ఉఖా పిండాడు. పిండుతూనే మాట్లాడాడు. బువా వెంట ఊళ్ళన్నీ తిరిగినవాడు, వాడికి తెలియని యాస లేదు. రేవాడీ వైపు ఆహీర్లు 'ఉంది' అనడానికి 'సై' అంటారు. గుజరాత్‌లో కచ్ఛ్, సోరఠ్ వైపు ఆహీర్లు 'ఛే' అంటారు. ఇక్కడ ఖాందేశ్‌లో, గిర్నా ఒడ్డున, ఉఖా పుట్టిన ఊళ్ళో మాట్లాడే ఆహిరాణీలో అదే మాట 'శే'. ఆ ఒక్క ముక్క చెవిన పడితే చాలు, మనిషి ఏ గడ్డ మీద పుట్టాడో, ఏ ఆవు పాలు తాగాడో, ఆ ఆవు ఏ గట్టున మేసిందో కూడా చెప్పేస్తానని వాడి ధీమా. వాడి గర్వం పక్కన సాత్పుడా కొండల్ని నిలబెడితే అవి సిగ్గుపడి కూలబడేవి.

"మన 'శే' ఒక్కటే అసలుది బువా. మిగతావన్నీ దారిలో అరిగిపోయినవి."

బువా కౌపీనం కొమ్మ మీద ఆరేసి, భిక్షకి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. గిర్నా నదిలో మిగిలిన నీటిని ఒక ముసలి ఆవు నాకేస్తే నది అయిపోయేది. నేల అట్లపెనంలా కాలింది. ఊరికి ఈ చివర ఎగిరిన కాకి ఆ చివరకి చేరేలోపు వేగి కింద పడేది. ఊరి బావి ఒక్కటే ఎండలేదు. అందులోనూ నీళ్ళు అడుక్కి పోయాయి. చేంతాడుకి చేంతాడు ముడేసి తోడుకుంటున్నారు.

అప్పుడు వచ్చారు సోరఠ్ నుంచి, కరువు తరిమితే. వాళ్ళూ ఆహీర్లే. మందలు మందలుగా బయల్దేరిన పశువులు దారి పొడుగునా పడిపోగా మనుషులు మాత్రం నడుచుకుంటూ వచ్చారు. ఆడవాళ్ళ రవికల మీద కుట్టిన అద్దాల్లో కూడా దుమ్మే.

ఊరి పెద్ద దౌలత్ పాటిల్. ఆయన మీసంలో పిచ్చుకలు గూడు పెట్టి పిల్లల్ని చేసేవంటే నమ్మాలి. అంత మీసమూ ఆ రోజు వాలిపోయింది.

"మన పిల్లలకే చాలవు. ఇంతమందికి పోస్తే అందరం కలిసి చస్తాం. కర్రలు తియ్యండి," అన్నాడు.

"కర్రలెందుకు పాటిల్?" అన్నాడు ఉఖా. "చుట్టుపక్కల మన ఊళ్ళవాళ్ళూ నీళ్ళకి వస్తున్నారు, ఆ వచ్చినవాళ్ళూ వస్తున్నారు. అందరి ఒంటి మీదా ఒకటే దుమ్ము. కర్రకి మనవాళ్ళెవరో ఏం తెలుస్తుంది? నన్ను కూర్చోబెట్టండి బావి దగ్గర. దెబ్బ పడకుండా తేల్చేస్తాను."

కూర్చోబెట్టారు. బావి గట్టు మీద ఉఖా, వాడి పక్కన బొక్కెన, బొక్కెన పక్కన పాటిల్.

వచ్చినవాళ్ళని వాడు ఒకటే అడిగేవాడు. "బావిలో ఏముంది?"

"పానీ శే" అంటే, నీళ్ళున్నాయి అంటే, బొక్కెన వంచేవాడు.

"పానీ ఛే" అన్నా నీళ్ళున్నాయనే. కానీ అప్పుడు ఉఖా తల అడ్డంగా ఊపి, "లేదు. పద పద," అనేవాడు.

ఒక్కరి తల పగల్లేదు. ఒక్కరి చెయ్యి విరగలేదు. ఊరంతా వాణ్ణి మెచ్చుకుంది. బృహస్పతి కూడా వీడి దగ్గర పలక పట్టుకోవాలన్నారు.

మధ్యాహ్నానికి వరసలో ఒక ముసలాయన ముందుకొచ్చాడు. హమీర్ ఆయన పేరు. కోడలు జీవీ భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఎముకల మీద తోలు ఆరేసినట్టున్నాడు. గాలి కాస్త గట్టిగా వీస్తే మళ్ళీ సోరఠ్‌లో పడేటట్టున్నాడు.

"బావిలో ఏముంది తాతా?"

"పానీ ఛే, నాయనా," అన్నాడు ముసలాయన నవ్వుతూ. ఉన్నాయన్న మాటకే ఆయన మొహం తడిసినట్టయింది.

"లేదు తాతా. పక్కకి జరుగు."

జీవీ గడుసుది. వరసలో నిలబడి అంతా విన్నది. ఎవరికి పోస్తున్నారో, ఏ మాటకి పోస్తున్నారో కనిపెట్టింది. లోలోపల ఆ మాటే వల్లె వేసుకుంటూ వచ్చింది. కానీ దాహానికి నాలుక బూరెలా ఉబ్బి నోటినిండా అతుక్కుపోయింది.

"పానీ... శ్ఛే," అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు.

"ఏం వదినా, నడి దారిలో పుట్టావా? కాలు అక్కడ, చెయ్యి ఇక్కడానూ!" అన్నాడు ఉఖా.

జీవీ మళ్ళీ నోరు తెరిచింది. ఈసారి గాలి తప్ప ఏమీ రాలేదు. మామగారిని పట్టుకుని ఎండలోకి నడిచింది.

వాళ్ళ వెనకే వరసలో ఉన్న మనిషి ముందుకొచ్చాడు. గోమాజీ బువా.

ఉఖా లేచి నిలబడ్డాడు. "అయ్యో బువా! మీరు వరసలో నిలబడ్డమేంటి? రండి, రండి." బొక్కెన ఎత్తాడు.

"అందర్నీ అడుగుతున్నావుగా. నన్నూ అడుగు," అన్నాడు బువా.

"మిమ్మల్నా? బావుంది!"

"అడగరా."

ఉఖా పాటిల్ వైపు చూసి నవ్వాడు. "సరే. బావిలో ఏముంది బువా?"

"పానీ ఛే."

ఉఖా నవ్వు సగంలో ఆగింది. "వేళాకోళం చాలు బువా. సరిగ్గా చెప్పండి."

"సరిగ్గానే చెప్పాను. ఛే."

పాటిల్ గొంతు సవరించుకున్నాడు. వెనక వరసలో గుసగుసలు లేచాయి. గురువుకి పోస్తే అందరికీ పొయ్యాలి. ఉఖా చేతిలో బొక్కెన గాలిలోనే ఉండిపోయింది. దించనూ లేదు, వంచనూ లేదు.

బువా వెనక్కి తిరిగి, లేదనిపించుకున్నవాళ్ళు కూర్చున్న చోటికి వెళ్ళి, వాళ్ళ మధ్య చతికిలబడ్డాడు.

ఎండకి కరుగుతాడులే, వస్తాడులే అనుకున్నాడు ఉఖా. బువా రాలేదు. ఆ పూట సూర్యుడు కూడా కదలడం మర్చిపోయి ఆ ఊరి నెత్తినే కూర్చున్నాడు. ఉఖా ప్రశ్న అడుగుతూనే ఉన్నాడు గానీ, జవాబు వినేటప్పుడు చూపు అటే పోతోంది. బువా పెదవులు నల్లబడ్డాయి. హమీర్ తాత తల ఆయన ఒళ్ళో ఉంది. జీవీ కొంగుతో విసురుతోంది.

ఉన్నట్టుండి జీవీ విసరడం ఆపేసింది.

ఏడవలేదు. ఏడవడానికి ఒంట్లో తడి ఉండాలిగా.

బువా చెయ్యి పైకెత్తాడు. "ఉఖా! ఈయన గొంతులో పొయ్యడానికి గుక్కెడు నీళ్ళు పట్రా."

ఉఖా చెంబు నింపుకుని పరుగెత్తాడు. పాటిల్ అడ్డు రాలేదు. పోయినవాడికి పోస్తామంటే ఎవరూ అడ్డు రారు. వరసలో అందరూ దారి ఇచ్చారు. చెంబు చిన్నదే. కానీ కొండని మోసుకొచ్చినవాడిలా ఉఖా ఒగరుస్తూ వచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు పోస్తావా భాయీ?" అంది జీవీ, వినీ వినపడని గొంతుతో.

ఉఖా వంగి, ముసలాయన నోటి దగ్గర చెంబు పెట్టబోయాడు. బువా అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"అడగవేం?"

"ఎవర్ని బువా?"

"ఈయన్ని. బావిలో ఏముందో అడుగు. అడక్కుండా పొయ్యవుగా నువ్వు."

ఉఖా చెంబు వెనక్కి లాగాడు. నీళ్ళు తొణికి ముసలాయన గడ్డం మీద పడ్డాయి.

"పొద్దుటి నుంచీ వచ్చినవాళ్ళు ఏమన్నార్రా?" అన్నాడు బువా. ఆయన గొంతు కూడా పగిలిపోయి ఉంది.

"కొందరు శే అన్నారు. కొందరు... ఛే."

"అంటే?"

"ఉంది అని."

"అందరూ ఉందనే అన్నారు ఉఖా. లేదన్నది నువ్వొక్కడివే."

ఉఖా చెంబు కింద పెట్టబోయాడు.

జీవీ వాడి చేతిలోంచి చెంబు తీసుకుంది. వేలు ముంచి మామగారి పెదవులు తడిపింది. మిగతాది, ఎవర్నీ ఏమీ అడక్కుండా, తాగింది.