ఏడో మార్కు ఫ్యూజు

బూదిగుంట రాజావారికి ఒక పొద్దున వెర్రి పుట్టింది. ఇంగ్లీషు దొరలు వదిలిపోయిన ఫిరంగి గుండ్లు కోటలో మూలుగుతున్నాయి. వాటి తలలు తీయించి, భోజనశాలలో దీపస్తంభాలుగా నిలబెట్టాలట.

తల అంటే ఫ్యూజు. గుండును పేల్చే ఇత్తడి బిరడా. కొన్ని గాలిలో ఉండగానే పేలతాయి. కొన్ని దెబ్బ తగిలితే పేలతాయి. చూపుకి అన్నీ అక్కచెల్లెళ్లే.

"ఏది ఏ రకమో చెప్పేదెవరు?" అన్నారు రాజావారు.

"నేనుండగా ఇంకెవరు ప్రభూ!" అని లేచాడు ఫిరంగుల నరసింగం. మద్రాసులో దొరల దగ్గర కొన్నాళ్లు ఉండొచ్చాడు. అప్పట్నించీ మనిషి నేలమీద నడవడం లేదు.

ఒక గుండును దూరం నుంచే చూశాడు.

"రెండో మార్కు రకం. మందు ఎప్పుడో చచ్చింది. సమ్మెటతో కొట్టి ఊడగొట్టొచ్చు."

కమ్మరి నూకరాజును పిలిపించారు. వెనకే వాళ్లమ్మ వచ్చింది.

"బాబూ, పేలితేనో? నాకు వాడొక్కడే."

"పేలదే! శాస్త్రం తెలిసినవాణ్ణి చెబుతున్నా" అంటూ నరసింగం వెనక్కి జరిగాడు. ఇంకాస్త జరిగాడు.

రాజావారికి తాంబూలం అందించే గుర్నాథం ఆ జరగడం చూశాడు. లోపలికెళ్లి, రుమాలు మీద ఓ ఇత్తడి వస్తువు పెట్టి తెచ్చాడు. గుండ్రటి ఒళ్లు, చుట్టూ గీతలు, పైన మర మూత.

"అయ్యా, ఇది ఏ రకమో కూడా సెలవిచ్చి, ఆనక కొట్టించండి."

నరసింగం మొహం పాలిపోయింది.

"కదపకురోయ్! ఏడో మార్కు! మూత తిప్పావంటే సభంతా గాల్లోనే!"

"సరిగ్గా చూడండి బాబూ."

"చూసేదేముందిరా! ఇలాంటివి మద్రాసులో బోలెడు చూశా!" జవాబు స్తంభం చాటునించి వచ్చింది.

గుర్నాథం మూత తిప్పాడు. వేలు ముంచాడు. తమలపాకుకు రాసి, చిలక చుట్టి, వంగి రాజావారి నోటికందించాడు.

"సున్నం సరిపోయిందా ప్రభూ? దొరల మెప్పు కోసం తాంబూలం మానేసిన మనిషి, పాపం, సున్నపుకాయనెలా గుర్తుపడతాడు!"

సభ గొల్లుమంది. రాజావారికి నవ్వుతో పొలమారింది.

"నరసింగానికివ్వండిరా ఆ సమ్మెట! మొదటి దెబ్బ ఆయనదే!"

స్తంభం చాటున చూస్తే తలపాగా ఒక్కటే ఉంది.

రాజావారు గుండ్ల జోలికి ఎవరూ పోవద్దన్నారు. భుజం మీది శాలువా తీసి గుర్నాథానికి కప్పారు. అందరూ నవ్వుతూనే ఉన్నారు.

నూకరాజు తల్లి నవ్వలేదు. కొడుకు రెక్క పట్టుకుని, అప్పటికే కోట గుమ్మం దాటేసింది.