మట్టి వద్దన్న మొక్క

దగ్గరికి జరుగు బంగారూ, దుప్పటి కాళ్ళ దాకా లాక్కో. అనగనగనగా గోదారి గట్టు కింద ఒక ఊరుందట. ఆ ఊళ్ళో వరి చేను వెతికినా దొరకదు. ఎటు చూసినా పూల మొక్కలే. ఇంటి ముందు కుండీలు, ఇంటి వెనక కుండీలు, గోడల మీద కుండీలు. లారీలు వచ్చి మొక్కలు ఎక్కించుకుని దేశమంతా తిరిగేవి.

ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒక నర్సరీ ఆవిడ ఉండేది. ఆవిడ చేతిలో ఏముందో గానీ, ఎండు పుల్ల గుచ్చినా చిగురేసేది. ఆ సంగతి ఊరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆవిడకి కాస్త ఎక్కువే తెలుసు అనుకో.

ఒకసారి బెంగుళూరు నుంచి ఆంథూరియం వచ్చింది. ఎర్రగా, మైనం పూసినట్టు మెరిసే పువ్వు దానిది. దారిలో వేడికి వడలిపోయి వచ్చింది. అందరూ పారెయ్యమన్నారు. నూకరత్నం కొబ్బరి పొట్టు ఎక్కువేసి మట్టి కలిపింది. అది లేచి కూర్చుంది.

ఆ తర్వాత కేరళ నుంచి హెలికోనియా వచ్చింది. చిలక ముక్కులన్నీ వరసగా గుచ్చినట్టుండే పువ్వు. దానికి గోదారి ఒండ్రు, మాగిన పశువుల ఎరువు కలిపి పెట్టింది. అది మనిషెత్తు పెరిగింది. ఆ తర్వాత ఏ ఎండ దేశం నుంచో బొజ్జేసుకుని ఎడారి గులాబీ వచ్చింది. దానికి ఇసకే ఇసక. అదీ విరగబూసింది.

అప్పటి నుంచి నూకరత్నానికి ఒక నమ్మకం కుదిరిపోయింది. ఏ దేశం మొక్కయినా కానీ, దానికి ఏ మట్టి కావాలో కనిపెడితే చాలు, మిగతాది తన చెయ్యే చూసుకుంటుందని.

ఇప్పుడు ఇది జాగ్రత్తగా విను. ఆ ఊరికి ఒక ఆచారం ఉంది. కొత్త కోడలు సారెతో పాటు పుట్టింటి నుంచి ఒక పూల మొక్క తెచ్చుకోవాలి. దాన్ని అత్తగారే పెంచాలి. మొదటి పువ్వు పూసిన రోజున ఆ పువ్వు అత్తగారే కోడలి జడలో పెట్టాలి. ఆ రోజు దాకా కోడలు ఆ ఇంటికి చుట్టమే. చుట్టానికి పని చెప్పకూడదు, పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు, మొక్కల మీద చెయ్యి వెయ్యనివ్వకూడదు.

ఒకవేళ ఆ మొక్క చచ్చిపోయిందనుకో, కోడలు తిరిగి పుట్టింటికి వెళ్ళి ఇంకో మొక్క తెచ్చుకోవాలి. అందరి కోడళ్ళదీ పక్క ఊరే. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి వచ్చేస్తారు. అందుకని ఎవరూ దాన్ని కష్టం అనుకోలేదు.

నూకరత్నానికి ఒక్కడే కొడుకు, సూరిబాబు. వాడు మొక్కలు ఓడకెత్తి అండమాను దీవులకు తీసుకెళ్ళాడు. మొక్కలు దింపాడు, అక్కడే ఒక పిల్లని చూసి మనసు పడ్డాడు. ఆ పిల్ల పేరు పైడితల్లి. వాళ్ళ తాతలు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకని ఆ దీవులకు వెళ్ళి అక్కడే ఉండిపోయారు. మనవాళ్ళే, మన మాటే. పెళ్ళి చేసేశారు.

పైడితల్లి ఓడ దిగి, రైలు దిగి, ఆటో దిగి అత్తారింటికి వచ్చింది. చేతిలో ఒక మొక్క ఉంది. చెక్క ముక్క మీద మొక్కని కూర్చోబెట్టి, చుట్టూ కొబ్బరి పీచు చుట్టి, తాడుతో కట్టి ఉంది. పట్టీల్లాంటి మందపాటి ఆకులు. దీని పేరేమిటని అడిగితే మా వైపు నక్కతోక అంటామండి అంది. పువ్వుల గుత్తి కిందకి తోకలా వేలాడుతుందట. నక్కతోక తొక్కి వచ్చిన కోడలు అని ఊరి ఆడవాళ్ళంతా నవ్వారు. పైడితల్లి కూడా నవ్వింది.

నూకరత్నానికి ఆ నవ్వు నచ్చింది. మొగుడు ఎప్పుడో పోయాడు, కొడుకు లారీల వెంట తిరుగుతాడు. ఇన్నాళ్ళకి సాయంత్రం పూట మాట్లాడే మనిషి దొరికిందని మురిసిపోయింది. వెంటనే మొక్క అందుకుంది. ఆ ఊళ్ళో లారీకెత్తే మొక్కలకి కూడా అలాగే తడి పీచు చుట్టి తాడు కడతారు. ఇదీ దారి కోసం కట్టిన కట్టే అనుకుంది. కత్తి తీసుకుని తాడు కోసింది, పీచు ఊడదీసింది, చెక్క పక్కన పడేసింది.

పైడితల్లి గబుక్కున ఒక అడుగు ముందుకు వేసింది. "దీనికి మట్టి వద్దండి అత్తయ్యా. చెట్టుకి కట్టెయ్యండి, చాలు" అంది.

నూకరత్నం పకపకా నవ్వింది. అన్నం వద్దనే మనిషీ, మట్టి వద్దనే మొక్కా ఎక్కడైనా ఉంటారా అంది. నువ్వు చుట్టానివి, హాయిగా కూర్చోమ్మా, ఇలాంటివి నేను ఎన్ని చూడలేదు అంది. ఇంట్లో ఉన్న మంచి కుండీ తీసి, గోదారి ఒండ్రు, మాగిన ఎరువు కలిపి, అందులో నక్కతోకని పాతింది. కడుపు నిండా నీళ్ళు పోసింది.

కొన్నాళ్ళకి కింది ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. నూకరత్నం ఏమీ కంగారు పడలేదు. ఒండ్రు దీనికి బరువైనట్టుంది అనుకుంది. మొక్క తీసి ఎర్రమట్టిలో ఇసక కలిపి పెట్టింది. పైడితల్లి మంచం మీంచి చూస్తూ, దానికి గాలి తగిలితే బాగుంటుందండి అని మెల్లగా అంది. గాలికేం తల్లీ, మన ఊళ్ళో బోలెడుంది అని నూకరత్నం ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

ఆ తర్వాత మొక్క మొదలు నల్లబడింది. ఆకులు ఒక్కొక్కటీ రాలిపోసాగాయి. నూకరత్నం బాగా ఆలోచించింది. అడవి మొక్క కదా, అడవి మట్టే పెడదాం అనుకుంది. కుళ్ళిన ఆకుల ఎరువు జల్లెడ పట్టి, మెత్తగా పరుపులా వేసి, అందులో పెట్టింది. ఈసారి పైడితల్లి గోడ వైపు తిరిగి పడుకుంది.

చూడు బంగారూ, అక్కడే ఉంది అసలు పొరపాటు. నూకరత్నం ప్రతి మొక్కనీ నీకు ఏ మట్టి కావాలి అని అడిగేది. అసలు నీకు మట్టి కావాలా అని ఏ మొక్కనీ ఎప్పుడూ అడగలేదు.

ఒక రోజు పొద్దున్నే నూకరత్నం కోడలి గదిలోకి తొంగి చూసింది. పైడితల్లి పెట్టె తెరుచుకుని చీరలు సర్దుకుంటోంది. ఎక్కడికమ్మా అని అడిగింది.

"మొక్క పోయేలా ఉంది కదండీ. వానలు పడితే సముద్రం పొంగుతుంది, ఓడలు ఎప్పుడు కదులుతాయో తెలీదు. ఇప్పుడే వెళ్తేనే మేలు" అంది పైడితల్లి. గొంతు మామూలుగానే ఉంది గానీ, కళ్ళు మాత్రం కిందికి వాలిపోయి ఉన్నాయి.

నూకరత్నానికి అప్పుడు తెలిసొచ్చింది. పక్క ఊరి కోడళ్ళ కోసం పెట్టుకున్న ఆచారం, ఈ పిల్లని సముద్రం దాటించి పంపేస్తోంది. వెళ్ళిన పిల్ల ఎన్నాళ్ళకి వస్తుందో, పుట్టిల్లు చూశాక అసలు రావాలనిపిస్తుందో లేదో. ఆ ఇంట్లో మళ్ళీ ఒంటరిగా కూర్చోవాలంటే ఆవిడకి ఏడుపు వచ్చింది.

అప్పుడు ఆవిడ పెరట్లోకి వెళ్ళి నక్కతోక కుండీ ముందు కూలబడింది. కుండీని ఇటు తిప్పింది, అటు తిప్పింది. మట్టి తవ్వి చూసింది. లోపల వేళ్ళన్నీ కుళ్ళి నల్లగా చేతికంటుకున్నాయి. కానీ ఒక్క వేరు మాత్రం మట్టిలోంచి తప్పించుకుని, కుండీ అంచు దాటి బయటికి వచ్చింది. గాలిలో వేలాడుతోంది. వెండి రంగులో ఉంది, కొస లేత ఆకుపచ్చగా ఉంది. అదొక్కటే బతికి ఉంది.

నూకరత్నం మొండిదే గానీ మొక్కల మాట కాదనే మనిషి కాదు. ఆ వేరుని చాలాసేపు చూసింది. ఆ తర్వాత లేచి, చేతులు కడుక్కుని, తిన్నగా కోడలి దగ్గరికి వెళ్ళి పెట్టె మూసేసింది.

"వేరు చెబితే గానీ నాకు తలకెక్కలేదమ్మా. నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది. ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యమంటావు?" అంది.

పైడితల్లి కళ్ళు తుడుచుకుంది. చెట్టుకి కడదామండి, నేను కడతాను అని పరుగున పెరట్లోకి వచ్చింది. సరిగ్గా అప్పుడే గోడ అవతల నుంచి అచ్చియ్యమ్మ తల పైకి లేచింది. అచ్చియ్యమ్మ అంటే ఎవరనుకున్నావు, ఆ ఊళ్ళో ఆచారాలన్నిటికీ ఆవిడే కాపలా. ఆ, ఆ, చుట్టం చేత పని చేయిస్తున్నావా నూకరత్నం అని గుడ్లురిమింది. ఆ కేకకి చుట్టుపక్కల ఆడవాళ్ళంతా వచ్చేశారు.

నూకరత్నం తడబడితే కదా. కొంగు బిగించి అంది, "పని ఆ పిల్ల చెయ్యదు పిన్నీ, నేను చేస్తాను. ఆ పిల్ల మంచం మీద కూర్చుని చెబుతుంది. చుట్టం మాట్లాడకూడదని నువ్వెక్కడైనా విన్నావా?"

అచ్చియ్యమ్మ ఆచారాలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. అలాంటి ఆచారమేదీ ఆవిడకి గుర్తుకు రాలేదు.

అప్పుడు చూడాలి ఆ వేడుక. కోడలు మంచం మీద, అత్తగారు నేల మీద. పైడితల్లి కుళ్ళిన వేళ్ళన్నీ కోసెయ్యమంది. నూకరత్నం కోసేసింది. పసుపు రాసి నీడన ఆరబెట్టమంది. ఆరబెట్టింది. పనస చెట్టు మాను గరుగ్గా ఉంది, వేరుకి పట్టు దొరుకుతుంది, తల కంటే కాస్త ఎత్తున కట్టమంది. నూకరత్నం స్టూలెక్కి, కొబ్బరి పీచు వేసి, పాత చీర పేలికతో మెత్తగా కట్టింది. ఆ ఊరి ఆడవాళ్ళు ఒక కోడలు అత్తగారికి పని చెప్పడం అదే మొదలు చూడటం. కొందరు కోడళ్ళు వెనక నిలబడి ముసిముసిగా నవ్వుకున్నారు.

కట్టడం తేలికే గానీ ఊరుకోవడమే కష్టమైంది. నూకరత్నానికి నీళ్ళు పొయ్యాలని చేతులు లాగేవి. పైడితల్లి చెంబు వద్దు, చిలకరిస్తే చాలు అనేది. ఎరువు వెయ్యాలని మనసు పీకేది. వద్దండి, దాని తిండి గాలిలోనే ఉంది అనేది. బతికిందో లేదో కట్టు విప్పి చూడాలనిపించేది. వేరుని చెట్టు పట్టుకోనివ్వండి, దానికి టైం పడుతుంది అనేది. నూకరత్నం పళ్ళు బిగించుకుని చెప్పినట్టే విన్నది.

ఆ తర్వాత వానలు పడ్డాయి. గాలిలో వేలాడిన ఆ ఒక్క వేరు వెళ్ళి పనస బెరడుని పట్టుకుంది. దాని పక్క నుంచి ఇంకో వేరు, ఇంకో వేరు వచ్చాయి. చలికాలానికి రెండు కొత్త ఆకులు తొడిగింది. నూకరత్నం ఆ చెట్టు కిందే మంచం వాల్చుకుని, సాయంత్రం పూట కోడలి చేత సముద్రం కబుర్లు చెప్పించుకునేది. ఇప్పుడు ఎవరు మొక్క తెచ్చినా, ఉండండి, మా పైడిని కూడా అడుగుదాం అనేది.

మళ్ళీ ఎండలు వచ్చాయి. వైశాఖంలో ఒక పొద్దున్న చూస్తే ఏముంది, ఆకుల సందులోంచి గుత్తి దిగి, తెలుపూ గులాబీ కలిసిన చిన్న చిన్న పువ్వులతో జానెడు పొడుగున వేలాడుతోంది. పెరడంతా కమ్మటి వాసన. ఊరు ఊరంతా కదిలి వచ్చింది. అచ్చియ్యమ్మ అందరికంటే ముందు వచ్చి నిలబడింది.

నూకరత్నం తల స్నానం చేసి వచ్చి, గుత్తి కొయ్యడానికి చెయ్యి చాపింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఈ చేత్తోనే ఒకసారి దాని ప్రాణం మీదికి తెచ్చింది. ఇప్పుడు కోస్తే సాయంత్రానికి వాడిపోతుంది, కొమ్మన ఉంటే నెల్లాళ్ళు ఉంటుంది. ఆవిడ చెయ్యి దించేసింది. కోడలిని పిలిచి గుత్తి కింద వెనక్కి తిరిగి నిలబడమంది. వేలాడే గుత్తిని రెండు చేతులతో సుతారంగా ఎత్తి, అలాగే చెట్టునుండగానే పైడితల్లి జడ మీద ఆనించింది.

"పువ్వు జడలో ఉండాలన్నారు గానీ, కోసి పెట్టాలని మాత్రం అనలేదు కదా పిన్నీ" అంది.

అచ్చియ్యమ్మ ఏదో అనబోయి, వాసన చూసి, కోడలి తల మీద అక్షింతలు వేసింది. అందరూ వేశారు. పైడితల్లి కదిలితే పువ్వు నలుగుతుందేమోనని ఊపిరి బిగబట్టి అలాగే నిలబడిపోయింది. ఎంతసేపటికీ కదలదు.

అప్పుడు నూకరత్నం వంటింటి వైపు చూసి గట్టిగా అరిచింది. "ఏమే పైడీ, అలా దిష్టిబొమ్మలా నిలబడిపోయావేం? పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి, వెళ్ళి దించు."

ఏమే అని పిలిచింది. పని చెప్పింది. పైడితల్లికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఏడుస్తూ, నవ్వుతూ వంటింట్లోకి పరిగెత్తింది. వెళ్ళేసరికి పాలు సగం పొయ్యిలోకి పోయాయి. నూకరత్నం వెనకే వచ్చి, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే అని ఇంకో నాలుగు తిట్టింది. ఆ తిట్లు తింటుంటే పైడితల్లికి కడుపు నిండిపోయింది.

కొమ్మ మీద పువ్వమ్మ కులాసా,
కోడలు కుదురుకుంటే ఇంటికి భరోసా.
కథేమో నడుచుకుంటూ కంచి దాకా,
మనమేమో నిద్దరోదాం పొద్దెక్కే దాకా.