మూఢంలో మోగిన సన్నాయి

కాళ్ళు ముడుచుకుని పడుకో తల్లీ, చెబుతాను. అనగనగా, ఏడాది పొడుగునా మిరపకాయల ఘాటు కొట్టే ఒక ఊళ్ళో సైదమ్మ అనే సన్నాయి పిల్ల ఉండేది.

వాళ్ళ నాన్న నేర్పిన విద్య అది. నాన్న పోయాక ఇంట్లో మిగిలింది ఆ సన్నాయీ, సైదమ్మా. పెళ్ళిలో పంతులుగారు వేలెత్తితే చాలు, గట్టిమేళం అందుకునేది. తాళి కట్టేవేళ ఎవరు తుమ్మినా, ఎవరు ఏడ్చినా ఆ హోరులో వినపడకూడదు కదా, అందుకు.

ఇంతలో మూఢం వచ్చింది. మూఢమంటే ముహూర్తాలు లేని కాలం. మూడు నెలలు ఎవరూ పెళ్ళి చెయ్యరు. మరి సన్నాయి వాయించేవాళ్ళు ఏం తినాలి? ఆ సంగతి ఏ పంచాంగంలోనూ రాయరు.

అప్పుడు వాళ్ళ మస్తాన్ మామ వచ్చి, మిరప కల్లంలో కాయలకి తొడాలు, అదే తొడిమలు, తియ్యడానికి రమ్మన్నాడు. వెళ్ళింది. ఆ పని తక్కువదేం కాదమ్మా, నేనూ చేశాను. కానీ ఆ ఘాటుకి సైదమ్మకి దగ్గు పట్టుకుంది. సాయంత్రం సన్నాయి ఎత్తితే ఊపిరి సగంలో తెగిపోయింది. ఇంకొన్నాళ్ళు ఇక్కడే ఉంటే నాన్న విద్య పోతుందని హడలిపోయింది.

"నేను పాటతోనే బతుకుతాను మామా" అంది.

"పెళ్ళిళ్ళు లేవుగా, కాకుల పెళ్ళికి ఊదుతావా?" అన్నాడు మామ.

ఆ తర్వాత పక్కూరికి నాటకం వాళ్ళు వచ్చారు. వాళ్ళ క్లారినెట్ ఆయనకి జ్వరం. ఆయన చోట్లో సైదమ్మ వెళ్ళి కూర్చుంది. రాజు వేషం కట్టింది కోటిలింగం అనే పెద్దాయన. చచ్చిపోయిన కొడుకుని ఒళ్ళో పెట్టుకుని, ఇదేం న్యాయమని దేవుణ్ణి అడుగుతూ ఆకాశానికి వేలెత్తాడు. వేలు కనపడిందో లేదో, మన పిల్ల గట్టిమేళం అందుకుంది.

జనం పడీ పడీ నవ్వారు. చచ్చిన కొడుకు కూడా నవ్వాడు.

తెర దించాక కోటిలింగం నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు. "నా కొడుకు పోయాడని నేనేడుస్తుంటే, నువ్వు వాడికి పెళ్ళి చేశావా తల్లీ?"

ఇంకొకరైతే సన్నాయి చంకన పెట్టుకుని పారిపోయేవాళ్ళు. సైదమ్మ కదల్లేదు. "వేలు చూసి ఊదడమే నాకు తెలుసు బాబాయ్. ఇంకేం చూడాలో మీరు చెప్పండి" అంది.

ఆయన కోపం సగం దిగింది. నా ఊపిరి చూడమన్నాడు. నేను గాలి పీల్చుకున్నప్పుడు నువ్వు వాయించు, నేను పాడుతుంటే నువ్వు తగ్గు అన్నాడు. మర్నాడు అలాగే చేసింది. అదే చోట జనం కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు ఆ నాటకం వాళ్ళ హార్మోనియం ఆయన ప్రాణం తోడేసి అదీ నేర్చుకుంది. ఆ విద్యతోనే భజనల్లో హార్మోనియం దగ్గర కూర్చుంది. ఆ తర్వాత బడి పిల్లలకి పాటలు నేర్పడం మొదలుపెట్టింది. పెళ్ళి సన్నాయికి బడిలో ఏం పని అని మూతి విరిచినవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ ఆమెకి ఒక్క పూట అన్నం పెట్టలేదు. అలాంటి మాటలు నువ్వూ వినకు.

మూఢం వెళ్ళిపోయింది. పెళ్ళి కబుర్లు వచ్చాయి. అప్పుడే కోటిలింగం కూడా వచ్చాడు. పెళ్ళిళ్ళూ బడీ మానేసి మాతోనే ఉండిపో, ఏడాదంతా తిండికి లోటుండదు అన్నాడు.

సైదమ్మకి నోరూరింది. అయినా తల అడ్డంగా ఊపింది. "పిలిచినప్పుడల్లా వస్తాను బాబాయ్. ఒక్క పందిరినే నమ్ముకుంటే, అది పీకేసిన రోజున మళ్ళీ వీధిలో నిలబడాలి."

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. సరే, ఎల్లుండి ఆట ఉంది, పొద్దుగూకకముందే రా అని చెప్పి వెళ్ళాడు.

ఆట రోజు పొద్దున బడికి వెళ్ళింది. మధ్యాహ్నం పెళ్ళిలో ఊదింది. సాయంత్రం నాటకంలో కూర్చుంది. ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకుంది. రేపు ఎక్కడికి వెళ్ళాలో తలుచుకుంటూ ఉండగానే నిద్ర పట్టేసింది.

కథ పట్టింది కంచి బాట,
మన ఇంట మిగిలింది సన్నాయి పాట,
కళ్ళు మూయవే నా ముద్దుల మూట.