ఆరిపోయిన పడుగు

పాలతేరు దేవాంగుల వీధిలో నీలకంఠం అనే సంఘం పెద్ద ఉండేవాడు. ఎవరి ముఖం మీదా కాదు అనలేకపోవడం ఒక్కటే ఆయన లోపం. మనిషి మంచివాడే. ఎదురైన ప్రతివాళ్లనీ ఆగి పలకరించేవాడు. ఇద్దరు తగువుతో వస్తే చెరి సగం న్యాయం చెప్పి పంపేవాడు. ఇద్దరూ నవ్వుకుంటూ వెళ్లేవారు, తగువు మాత్రం ఎక్కడిదక్కడే ఉండేది.

ఆ వీధిలోనే చౌడమ్మ ఉండేది. భర్త బ్రహ్మయ్య గుంట మగ్గం మీద నేసేవాడు. ఆమె నేతకు నూలు కండెలు చుట్టేది, వీధి పడుగుల్లో తెగిన దారాలు అతికేది. ఆమె వేసిన ముడి ఎక్కడుందో వేలితో తడిమినా దొరికేది కాదు.

వీధి పడుగు సంగతి తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. తెలతెలవారుతుండగా నూలు దారాలను వీధి పొడవునా సాగదీసి కట్టేవారు. వాటికి గంజి పట్టించి, తడి ఆరకముందే కుంచెలతో దువ్వాలి. ఎండెక్కే దాకా ఉంచితే దారానికి దారం అంటుకుపోయి పడుగంతా పాడవుతుంది. అందుకని ఎవరి పడుగైనా సరే, ఇంటికొక మనిషి బయటికి వచ్చేవారు. దారం తెగితే దగ్గరున్న చెయ్యి వెంటనే అతికేది. అది ఎవరి దారం, ఎందుకు తెగింది అని ఎవరూ అడిగి ఎరగరు.

ఆ ఏడు వానాకాలంలో బ్రహ్మయ్యకు దగ్గు పట్టుకుంది. గుంటలో చెమ్మ, గుండెల నిండా నూలు దుమ్ము. పట్నం డాక్టరు చూసి, "ఏడాది పాటు మందు ఆపకుండా వాడితే మనిషి నిలుస్తాడు. ఆపితే నా చేతిలో లేదు" అన్నాడు. రెండు నెలలు గడిచేసరికి చౌడమ్మ ఇంట్లో అమ్ముకోవడానికి బిందె కూడా మిగల్లేదు. మందు ఆగిపోయింది.

అమావాస్యనాడు నేతగాళ్లు మగ్గం ఎక్కరు. సంఘం కూడేది ఆ రోజే. చౌడమ్మ వెళ్లి అందరి ముందూ నిలబడింది.

"నీలకంఠం అన్నయ్యా, మగ్గానికి నెలకొక తువ్వాలు నేద్దాం. వాటిని సంఘం అమ్మి పట్నం డాక్టరుకు ఇస్తే, మన వీధిలో ఎవరికి జబ్బు చేసినా ఏడాది పొడుగునా ఆయనే చూసి మందిస్తాడు. నేను అడిగి వచ్చాను, సరేనన్నాడు. ఇవాళ మా ఇంట్లో దగ్గు, రేపు ఇంకెవరింట్లోనో. అందరం కలిసి పడుగు పట్టుకోవడం లేదూ, ఇదీ అంతే."

నీలకంఠం కళ్లు మెరిశాయి. "బంగారం లాంటి మాట చెప్పావు చెల్లెమ్మా" అన్నాడు.

ఊరందరికీ నూలిచ్చి బట్ట కొనుక్కునే శంభులింగం గొంతు సవరించుకున్నాడు. "మాట బంగారమే. మరి నెలనెలా తువ్వాళ్లు నేస్తూ కూర్చుంటే నా చీరలు ఎవరు నేస్తారు?"

"అదీ నిజమే మామా" అన్నాడు నీలకంఠం. "అయితే రెండు నెలలకొక తువ్వాలు అనుకుందాం. వచ్చే అమావాస్యకు తేల్చేద్దాం."

తర్వాతి అమావాస్యకు గురవయ్య లేచాడు. పాతికేళ్ల కుర్రవాడు, రాయి లాంటి ఒళ్లు. "నాకు ఏ జబ్బూ లేదు పెదనాన్నా. దగ్గేవాళ్లు దగ్గుతుంటే నేను నేస్తూ ఉండాలా? ముందునుంచీ జబ్బున్నవాళ్లను ఇందులో కలపొద్దు."

చౌడమ్మ అతని వంక చూసింది. "దగ్గు లేనివాడికి మందెందుకు నాయనా? బొట్టు పెట్టి పిలిచి పోస్తారా?"

నలుగురూ నవ్వారు. నీలకంఠం కూడా నవ్వాడు. నవ్వి, "కుర్రవాళ్లను దూరం చేసుకోకూడదు చెల్లెమ్మా. జబ్బున్నవాళ్లు ఒక్క ఏడాది ఆగాక చేరతారు. రెండు వైపులా బాగుంటుంది" అన్నాడు.

రెండు వైపులా అంటే ఏ రెండు వైపులో చౌడమ్మకు అంతు పట్టలేదు. ఒక వైపు తన భర్త ఊపిరి ఉంది. రెండో వైపు ఏముంది?

మూడో అమావాస్యకు, మగ్గం ఉన్నవాళ్లకే వైద్యం, కండెలు చుట్టే ఆడవాళ్లకు లేదు అన్నారు. శంభులింగం అడిగాడు, నీలకంఠం కాదనలేదు. నాలుగో అమావాస్యకు తువ్వాలు అంచు ఎరుపా ఆకుపచ్చా అన్న మాట పుట్టింది. పొద్దు వాలేదాకా వాదించుకున్నారు. ఎరుపు శుభమని సగం మంది, ఆకుపచ్చ అమ్ముడుపోతుందని సగం మంది. చౌడమ్మ గోడవార కూర్చుని అందరి నోళ్లూ చూస్తూ ఉండిపోయింది. ఇంతమంది పెద్దవాళ్లు, ఇన్ని తెలిసినవాళ్లు, ఒక రంగు కోసం ఇంత ఊపిరి ఎలా ఖర్చు పెడుతున్నారా అని ఆశ్చర్యపోయింది. ఇంట్లో బ్రహ్మయ్య రెండు మాటలు వరసగా ఆడలేకపోతున్నాడు.

అయిదో అమావాస్యకు ఎవరో కాశీ వెళ్లారని వాయిదా వేశారు. ఆరోదానికి వాన. దారిలో కనిపించినప్పుడల్లా నీలకంఠం, "అయిపోవచ్చింది చెల్లెమ్మా, అందరినీ ఒప్పించుకుంటూ వస్తున్నాను" అనేవాడు.

"మా ఆయన్ని కూడా ఒప్పించు అన్నయ్యా, అప్పటిదాకా ఆగమని" అనేది చౌడమ్మ.

ఏడో అమావాస్యకు ఆ షరతులన్నిటితో తీర్మానం అయింది. బెల్లం పంచారు. నీలకంఠానికి దండ వేశారు. ఆకుపచ్చ అంచు తువ్వాలొకటి మచ్చుకు నేసి అందరికీ చూపించారు.

మూడో రోజున బ్రహ్మయ్య చనిపోయాడు.

నీలకంఠం కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. వస్తూ ఆ తువ్వాలు తెచ్చి, సంఘం తరఫున అంటూ బ్రహ్మయ్య మీద కప్పాడు. చౌడమ్మ లేచింది. తువ్వాలు తీసి నాలుగు మడతలు పెట్టి ఆయన చేతిలో పెట్టింది.

"ఊపిరి ఉన్నప్పుడు ఇది ఈయనకు చెల్లదన్నారు. ఇప్పుడెలా చెల్లింది?" అంది. గొంతు పెంచలేదు. "తీసుకుపో."

ఆయన తువ్వాలు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నెల తిరిగాక నీలకంఠం ఇంటి పడుగు వీధిలో పడింది. సన్న నూలు, పెళ్లిచీరల పడుగు, ఆరు నెలల తిండి అంతా దానిలోనే ఉంది. గంజి పట్టించారు. వీధి మొత్తం వచ్చింది. కానీ కుంచె ఎవరూ ఎత్తలేదు. ఆడవాళ్లు అరుగుల మీద చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్లను చూసి మగవాళ్లూ ఆగిపోయారు.

"అదేమిటి, అలా నిలబడ్డారు? దారాలు తెగుతున్నాయి. చెల్లెమ్మా, రా" అన్నాడు నీలకంఠం.

"వస్తాను అన్నయ్యా. ముందొక సంగతి తేలాలి" అంది చౌడమ్మ. "ఇవి ఇప్పుడు తెగిన దారాలా, ముందే తెగి ఉన్నవా? ముందే తెగినవైతే ఏడాది ఆగాలి గదా."

పక్కనున్న ముసలి గౌరమ్మ అందుకుంది. "మాకు మగ్గాలు లేవు నాయనా. కండెలు చుట్టేవాళ్లం. మాకూ పడుగుకీ ఏం సంబంధం?"

"సగం పడుగు దువ్వుదాం లెండి" అంది ఇంకో ఇల్లాలు. "అందరికీ బాగుంటుంది."

"కుంచె పిడికి ఎర్రగుడ్డ చుట్టాలో పచ్చగుడ్డ చుట్టాలో కూడా తేల్చలేదు" అంది గురవయ్య భార్య, మొగుడి వంకే చూస్తూ.

"వచ్చే అమావాస్యకు తేల్చేద్దాం అన్నయ్యా" అంది చౌడమ్మ.

నీలకంఠం తానే కుంచె అందుకుని ఆ కొసనుంచి ఈ కొసకు పరుగెత్తాడు. ఒక్కడి వల్ల అయ్యే పనా? ఇక్కడ దువ్వేలోగా అక్కడ బిగుసుకుంటోంది. చౌడమ్మకు మూరెడు దూరంలో ఒక దారం పుటుక్కున తెగింది. నలభై ఏళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. ఆమె ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కొంగులో దాచుకుంది. ఆ దారం ఏ తప్పూ చేయలేదు. అయినా కదల్లేదు.

ఎండ వచ్చింది. పడుగు కర్రలా బిగిసిపోయింది. నీలకంఠం వీధి మధ్యలో, కుంచె ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు.

"పోయింది. మొత్తం పోయింది" అన్నాడు.

చౌడమ్మ ఆయన ముందుకు వచ్చి నిలబడింది. "గంజి పెట్టిన పడుగు ఒక్క పూట ఆగదని నీకు తెలుసు. చిన్నప్పటినుంచీ తెలుసు. మనిషి ఏడు అమావాస్యలు ఆగుతాడని ఎలా అనుకున్నావు? నువ్వు ఇంకో పడుగు పోసుకుంటావు అన్నయ్యా. నేనేం పోసుకోను?"

శంభులింగం దగ్గి, "ఆడవాళ్ల ఆవేశానికేం గానీ, ఈ సంగతి నింపాదిగా వచ్చే అమావాస్యకు..." అన్నాడు.

"వద్దు" అన్నాడు నీలకంఠం.

ఆ మాట ఆయన నోట వినడం ఆ వీధికి అదే మొదలు. ఆయన లేచి నిలబడ్డాడు. "అమావాస్య వద్దు, వాయిదా వద్దు. మగ్గానికి నెలకొక తువ్వాలు. మగ్గం ఉన్నా లేకున్నా, జబ్బు పాతదైనా కొత్తదైనా, వీధిలో ఊపిరున్న ప్రతి మనిషికీ వైద్యం. ఇవాళే మొదలు. ఇష్టం లేనివాళ్లు తమ పడుగు తామే దువ్వుకోండి."

తమ పడుగు తామే దువ్వుకోగలవాళ్లు ఆ వీధిలో ఒక్కరూ లేరు. శంభులింగం తల దించుకున్నాడు.

ఆ వైద్యంతో మొదట లేచి తిరిగింది మంచం పట్టిన గౌరమ్మ. ఆ తర్వాత మగ్గం గుంటలో కాలు విరిగిన గురవయ్య. చౌడమ్మ బ్రహ్మయ్య మగ్గం ఎక్కి నేత నేర్చుకుంది. నెలనెలా తన వంతు తువ్వాలు అందరికంటే ముందు ఇచ్చేది. నీలకంఠం చెయ్యి చాపితే మాత్రం ఆ చేతిలో పెట్టేది కాదు, అరుగు మీద పెట్టి వెళ్లేది. ఆయన చనిపోయేదాకా అంతే. తప్పని ఆమెతో ఎవరూ అనలేదు.

నీతి: మనిషి ప్రాణం అందరినీ మెప్పించడానికి ముక్కలు చేసి పంచే వస్తువు కాదు; చెయ్యవలసిన సాయాన్ని రేపటికి వాయిదా వేసినవాడు, ఎంత మంచివాడైనా, దానివల్ల వచ్చిన చావులో వాటా మోయవలసిందే.